నమూనా రైళ్ల పాత పట్టాల సంచుల్లో జరిగిన పొరపాటు, ఇకపై మేము అమ్మబోయే పద్ధతి

సికింద్రాబాద్‌లోని మా చిన్న దుకాణంలో నమూనా రైళ్ల సామాను కొంటున్న వారందరికీ నమస్కారం. వేసవి సెలవులకు ముందు, తక్కువ ఖర్చుతో తొలి లేఅవుట్ (బల్ల మీద పరిచే రైలుదారి) వేసుకోదలచిన వారి కోసం మేము అమ్మిన పాత పట్టాల సంచుల గురించి ఈ లేఖ రాస్తున్నాను. మొత్తం 41 సంచులు అమ్ముడుపోగా, వాటిలో తొమ్మిదింటిని కొన్నవారు ఇంజను మధ్యలో ఆగిపోతోందనీ, పాయింట్ల (ఒక దారి రెండుగా చీలే చోట వాడే పట్టాల) దగ్గర బోగీలు పట్టాలు తప్పుతున్నాయనీ ఫిర్యాదు చేశారు. వారు అమర్చిన తీరులో ఏ లోపమూ లేదు. మేము సంచులు నింపిన తీరే సరిగా లేదు.

నగరంలోని ఒక కుటుంబం ఇల్లు మారుతూ, అటక మీద ఏళ్ల తరబడి ఉన్న మూడు ట్రంకు పెట్టెల రైలు సామానును మాకు గంపగుత్తగా అమ్మింది. అన్నీ 16.5 మిల్లీమీటర్ల గేజీవే (గేజీ అంటే రెండు పట్టాల మధ్య దూరం) కావడంతో, సెలవుల గిరాకీ దాటిపోకూడదన్న తొందరలో మేము వాటిని తిన్నని ముక్కలు, వంపులు, పాయింట్లు అని మూడు రాశులుగా వేరుచేసి సంచుల్లో నింపామే గాని, ఏ ముక్క ఏ లోహానిదో, ఏ పట్టా ఎంత ఎత్తుదో చూడలేదు. ‘పరీక్షించినవి’ అని చీటీ మాత్రం అంటించాము. నిజానికి ఆ పరీక్ష ఒక బోగీని చేత్తో అటూ ఇటూ దొర్లించి చూడడమే.

విశాఖపట్నం నుంచి బంధువుల ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన తన సంచిని వెంట తెచ్చి, మా బల్ల మీదే వలయం అమర్చి చూపించారు. ఇంజను రెండు చుట్లు బాగానే తిరిగి, మూడో చుట్టులో కిటికీ వైపు వంపు దగ్గర ఆగింది. వేలితో నెడితే కదిలి, మళ్లీ అక్కడే ఆగింది. నేను ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతం బొమ్మను తెచ్చి పట్టాలకు ఒక్కొక్కదానికీ ఆనించగా మూడు ముక్కలకు టక్కున అతుక్కుంది. “ఏమండీ, మీరు నాకిచ్చింది పట్టాలా, పాత ఇనప సామానా?” అని ఆయన నవ్వుతూనే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఇంజనుకు కరెంటు పట్టాల గుండానే అందుతుంది కనుక వాటి లోహం ముఖ్యం. ఈ గేజీ పట్టాలు ముఖ్యంగా ఉక్కువో, ఇత్తడివో, నికెల్ సిల్వర్‌వో అయి ఉంటాయి. ఈ మూడోదాన్నే మన ఇళ్లలో జర్మన్ సిల్వర్ అంటాము. పేరులో వెండి ఉన్నా అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం మాత్రమే. అయస్కాంతానికి అతుక్కుంటే ఉక్కు, అతుక్కోకుండా పసుపుపచ్చగా ఉంటే ఇత్తడి, తెల్లగా ఉంటే నికెల్ సిల్వర్ అని గుర్తుపట్టవచ్చు. ఉక్కు పట్టా సముద్రపు గాలి తగిలే ఊళ్లలో త్వరగా తుప్పు పడుతుంది. ఇత్తడి పట్టా మీద ఏర్పడే మసక పొర కరెంటును సరిగా పోనివ్వదు కనుక దాన్ని తరచూ తుడుస్తూ ఉండాలి. ఇత్తడి బిందెను తోమినట్టు చింతపండుతో తోమామని ఒకరు చెప్పారు. మెరుపు వచ్చిన మాట నిజమే గాని, పులుపు తడి, పట్టాల కొసలను కలిపే ఫిష్‌ప్లేట్ల సందుల్లో నిలిచి అక్కడంతా చిలుము పట్టింది. గరుకు కాగితంతో రుద్దినా గీతలు పడి, వాటిలో మురికి మరింత చేరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూలుగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

రెండో తప్పు ఎత్తులది. పట్టా ఎత్తును కోడ్ అనే సంఖ్యతో చెబుతారు. కోడ్ 100 పట్టా ఎత్తు అంగుళంలో పదో వంతు, అంటే 2.54 మిల్లీమీటర్లు, కోడ్ 75 ఎత్తు 1.9 మిల్లీమీటర్లు మాత్రమే. రెండింటినీ నేరుగా కలిపితే అతుకు దగ్గర మెట్టులాగా ఏర్పడుతుంది. పాత ఇంజన్ల లోతైన చక్రపు అంచులు కోడ్ 75 పట్టాను పట్టి ఉంచే ప్లాస్టిక్ భాగాలకు తగులుతాయి. కనీసం నాలుగు సంచుల్లో ఇవి రెండూ కలిసిపోయాయి. తొలి లేఅవుట్‌కు కోడ్ 100 చాలు.

ఎక్కువగా ఇబ్బంది పెట్టినవి పాయింట్లే. రైల్వేవారు టంగ్ రైలు అని పిలిచే కదిలే పట్టా పక్కనున్న పట్టాకు గట్టిగా ఆనితేనే ఆ దారిలోకి కరెంటు వెళ్లే పాయింట్లు చాలా ఉన్నాయి. ఆ ఆనే చోట వెంట్రుకంత మురికి ఉన్నా ఇంజను ఆగిపోతుంది. ఈ పాయింట్లను మునుపు వాడినవారు చిన్న కంకరను తెల్ల జిగురుతో అతికించారు. తిన్నని ముక్కలను గోరువెచ్చని నీళ్లలో నానబెడితే కంకర ఊడి వచ్చింది గాని, పాయింట్ల లోపల మాత్రం ఇసుక రేణువులు మిగిలాయి. కొన్నింటిలో టంగ్ రైలును ఒకవైపు పట్టి ఉంచే స్ప్రింగే లేదు. కాబట్టి డబ్బు తక్కువగా ఉన్నవారికి నా సలహా ఇది: మామూలు పట్టాలు పాతవి కొనండి, పాయింట్లు కొత్తవి కొనండి. కొత్త పాయింట్లు అమ్మేది కూడా నేనే కనుక ఈ సలహాను మీరు అనుమానించవచ్చు. కాని 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ మీద 438 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వలయం వేస్తే 45 డిగ్రీల వంపులు 8, 168 మిల్లీమీటర్ల తిన్నని ముక్కలు 14 పడతాయి, వాటిలో పాతది పనికిరాని ముక్కంటూ ఏదీ ఉండదు. ఫిష్‌ప్లేట్లు మాత్రం 44 కొత్తవి తీసుకోండి, వదులైన పాతవాటిని శ్రావణంతో నొక్కి వాడితే ఆ బిగువు ఎక్కువ కాలం నిలవదు. చవకగా దొరుకుతున్నాయని 371 మిల్లీమీటర్ల వంపులు కొనకండి. చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) తరహా మన బోగీ 1:87 కొలతలో, అంటే అసలు కొలతలో 87వ వంతుగా చేస్తే, దాదాపు 25 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది, అంత ఇరుకు వంపులో అది ఇబ్బంది పడుతుంది.

ఇకపై పాత పట్టాలను సంచుల్లో గంపగుత్తగా అమ్మము. ప్రతి ముక్కనూ అయస్కాంతంతో, కరెంటు పోతోందో లేదో చూపే మల్టీమీటరుతో చూసి, లోహాన్నీ ఎత్తునూ చీటీ మీద రాసి విడివిడిగా అమ్ముతాము. నికెల్ సిల్వర్ ముక్క ధర కొత్తదానిలో సగం. ఇత్తడివి అందులో సగం. అవి కదలని ప్రదర్శనకు, దృశ్యాల అలంకరణకు అనువైనవి. ఉక్కువి అడిగినవారికి ఊరికే ఇస్తాము. పాత పాయింటును, చిన్న ఇంజను నిదానంగా రెండు దారుల్లోనూ ఆగకుండా పదిసార్లు దాటితేనే అమ్మకానికి పెడతాము. ఇంత పని ఉండడం వల్ల వారానికి నలభై యాభై ముక్కలకు మించి సిద్ధం కావు; ఆలస్యానికి మన్నించండి.

ఆ 41 సంచుల్లో ఏదైనా మీ దగ్గర ఉంటే, అయస్కాంతానికి అతుక్కున్న ముక్కలను, పసుపుపచ్చగా ఉన్నవాటిని, ఎత్తు కలవనివాటిని, పని చేయని పాయింట్లను దసరా లోపు మాకు పంపండి. రానుపోను కొరియరు ఖర్చు మాదే. పట్టాలకు బదులు నికెల్ సిల్వర్ కోడ్ 100 పట్టాలు పంపుతాము, పాయింట్లకు డబ్బు తిరిగి ఇస్తాము. రసీదు పోయినా పరవాలేదు, ఆ చీటీల మీది రాత నాదే కనుక గుర్తుపడతాను.

ఆ ట్రంకు పెట్టెల్లో ఒకదాని అడుగున మార్‌క్లిన్ అనే జర్మనీ కంపెనీ వారి సీ ట్రాక్ రకం పట్టా కూడా దొరికింది. దాని మధ్యలో వరుసగా చిన్న లోహపు మొనలు ఉంటాయి, కరెంటులో ఒక కొస వాటి గుండా, రెండో కొస రెండు పట్టాల గుండా అందుతుంది. మామూలు రెండు పట్టాల ఇంజను దాని మీద కదలదు. చూడడానికి చాలా బాగుండడం వల్ల ఇప్పటికే ముగ్గురు అడిగారు. మార్‌క్లిన్ ఇంజను ఉన్నవారు వచ్చేవరకు దాన్ని పక్కన పెట్టి ఉంచుతున్నాను.