వదినకు, ఫీనిక్స్ నుంచి

ఫీనిక్స్, అరిజోనా
ఆగస్టు

వదినా,

ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందని అన్నయ్య చెప్పాక మనసు కుదుటపడింది. మీ బడి పిల్లలకు జలచక్రం పాఠం ఎలా చెబితే బాగుంటుందని మొన్న అడిగావు కదా. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నా.

ముందుగా ఒక మాట. బొమ్మతో మొదలుపెట్టకు. సముద్రం, పైకి బాణం, మబ్బు, కిందికి బాణం, కొండ, నది, మళ్లీ సముద్రం. అది చూసి పిల్లలు నీళ్లు ఎక్కడా ఆగకుండా గుండ్రంగా తిరుగుతుంటాయని అనుకుంటారు. బోరు ఎండిపోయిన రైతు బిడ్డకు ఆ బొమ్మ ఏం చెబుతుంది? నీళ్లు ఎక్కడ ఎంతకాలం ఉండిపోతాయి, ఎక్కడి నుంచి త్వరగా వెళ్లిపోతాయి అన్నదే నా దృష్టిలో అసలు పాఠం. అది చేత్తో చేస్తేనే తలకెక్కుతుంది.

నేను ఇక్కడ నా క్లాసులో పాచికల ఆటతో మొదలుపెడతాను. ఇక్కడి సైన్స్ టీచర్లు చాలామంది ఆడించేదే. గదిలో అక్కడక్కడ సముద్రం, మబ్బు, నది, చెరువు, నేల, భూగర్భం, మంచుకొండ, చెట్టు, జంతువు అని కాగితాలు అంటిస్తాం. ఒక్కోచోట ఒక అట్టపెట్టె పాచిక, ఒక గిన్నెలో ఒక్కో రంగు పూసలు. ప్రతి పిల్లా పిల్లాడూ ఒక నీటిబొట్టు. ఉన్నచోటి పూస దారానికి ఎక్కించుకుని, పాచిక వేసి, అది ఎటు పొమ్మంటే అటు పోవాలి. కిటుకంతా పాచికలోనే ఉంది. సముద్రం పాచికకు ఆరు ముఖాల్లో నాలుగింటి మీద 'ఇక్కడే ఉండు' అని రాస్తాం. మబ్బు పాచికకు ఒక్కదాని మీదే.

ఈసారి ఒక పాప సముద్రంలోనే ఇరుక్కుపోయింది. దారం నిండా నీలం పూసలే. "మిస్, నన్ను ఎందుకు వదలట్లేదు?" అని ఏడుపు మొహం పెట్టింది. గాలిలోకి చేరిన నీరు సగటున 9 రోజుల్లో కిందికి దిగిపోతుందనీ, సముద్రంలో చేరింది సగటున 3,000 ఏళ్ల దాకా అక్కడే ఉంటుందనీ అప్పుడు చెప్పాను. వెంటనే తన దారం పైకెత్తి అందరికీ చూపించింది. ఆ లెక్క ఆ క్లాసులో ఎవరూ మర్చిపోరు.

ఇప్పుడు ఇక్కడా వానాకాలమే. పేరుకు వానాకాలం గానీ, ఏడాది మొత్తానికి ఫీనిక్స్‌లో పడేది 180 మిల్లీమీటర్లు అటూ ఇటూ. వాన తక్కువని మనం బాధపడే అనంతపురంలోనే 550 దాకా పడుతుంది. సాయంత్రాలు మబ్బు కింద బూడిదరంగు తెర వేలాడుతూ కనిపిస్తుంది, నేలకు మాత్రం ఆనదు. పడుతున్న వాన పొడిగాలికి దారిలోనే ఆవిరైపోతుంది. దాన్ని విర్గా అంటారు. పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి చూపించాను. ఒకడు తన నోట్సులో సగం దాకా దిగి మళ్లీ పైకి తిరిగిన బాణం గీశాడు. నాకెంత సంతోషమైందో!

ఇక నువ్వు తప్పకుండా చేయించాల్సింది భూగర్భజలాల తొట్టి. పక్కల నుంచి లోపలంతా కనిపించే ప్లాస్టిక్ డబ్బా తీసుకో. అడుగున గులకరాళ్లు, పైన ఇసుక. ఒక మూల ఇసుక తవ్వి గుంట చెయ్యి, అదే చెరువు. హ్యాండ్‌వాష్ సీసాల పంపులు రెండు తీసుకుని, గొట్టం కొసకు పల్చటి గుడ్డ కట్టి, ఒకటి లోతుగా, ఒకటి పైపైన దించు. ఇవి బోర్లు. చిల్లుల సీసాతో వాన కురిపించి, గుంటలో నీళ్లు కనిపించాక ఇద్దరు పిల్లల్ని పంపులు కొట్టమను. ముందు చెరువు తగ్గుతుంది. తర్వాత పైనున్న బోరు గాలి పీలుస్తుంది. లోతు బోరు ఇంకా పోస్తూనే ఉంటుంది. "నాది ఎండిపోయింది, వాడికి మాత్రం వస్తోంది!" అని ఇక్కడి పిల్లాడు అరిచాడు. ఆ మాట మన ఊళ్లో ఎన్ని పొలాల గట్ల మీద విన్నాం వదినా.

తర్వాత పైన బంకమట్టి పరిచి మళ్లీ వాన కురిపించు. నీళ్లు లోపలికి ఇంకవు, పైనే జారిపోతాయి. ఇంకుడు గుంత ఎందుకో వాళ్లే చెబుతారు.

ఇక్కడా ఇదే కథ. ఫీనిక్స్, టూసాన్ నగరాల మధ్య పొలాల్లో భూగర్భజలాలు విపరీతంగా తోడేసరికి కొన్నిచోట్ల భూమే కుంగిపోయి, పొడవాటి పగుళ్లు వచ్చాయి. 1980లో భూగర్భజలాలు తోడటం మీద చట్టం చేశారు. కొలరాడో నది నీళ్లను దాదాపు 540 కిలోమీటర్ల కాలువలో, దారిలో పంపులతో పైకెత్తి తెచ్చుకుంటున్నారు. శ్రీశైలం వెనకనీళ్లను హంద్రీ-నీవా కాలువతో అనంతపురం జిల్లా జీడిపల్లి జలాశయానికి ఎత్తిపోసినట్టే. మా పిల్లలకు మ్యాప్‌లో జీడిపల్లి చూపించాను. నువ్వు మీ పిల్లలకు ఈ కాలువ చూపించు. నీళ్లు మనిషి పెట్టిన పంపుల మీద కూడా తిరుగుతాయని ఇద్దరూ తెలుసుకోవాలి.

ఆవిరి సంగతికి పెద్ద సరంజామా వద్దు. బడి ముందు వేపచెట్టు కొమ్మకు ఆకులు లోపలుండేలా లోపలిది బయటికి కనిపించే పాలిథిన్ కవరు పొద్దున్నే కట్టించు. మధ్యాహ్న భోజనం గంటకల్లా లోపల బొట్లు కనిపిస్తాయి. బాష్పోత్సేకం, అంటే ఆకులు నీటిని ఆవిరిగా వదలడం, అనే మాట ఆ బొట్లు చూశాకే బోర్డు మీద రాయి.

పూసలు, దారం మా పక్కింటి వాళ్లు బెంగళూరు వస్తుంటే పంపిస్తున్నాను. తొమ్మిది రంగులూ విడివిడి కవర్లలో ఉంటాయి, కలిపెయ్యకు. పాచికలకు అట్ట అక్కడే దొరుకుతుంది. హ్యాండ్‌వాష్ పంపులు అన్నయ్యను రెండు కాదు, నాలుగు తెమ్మను. పిల్లలు గట్టిగా కొడతారు, విరుగుతాయి.

నీ
పద్మ