కడప జిల్లా కొప్పర్తి పారిశ్రామికవాడ: 2025 సంవత్సరానికి మన పరిశ్రమల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సమావేశాల్లో ఎక్కువగా వినిపించిన ప్రశ్న ఒకటే: "కొప్పర్తికి వేల కోట్లు వచ్చాయంటున్నారు, మన యూనిట్లకు ఏమొస్తుంది?" ముందు దానికే జవాబు చెప్తాం.

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం 12 కొత్త పారిశ్రామిక నగరాలకు ఆమోదం తెలిపింది. విశాఖపట్నం–చెన్నై పారిశ్రామిక కారిడార్‌లో భాగంగా కొప్పర్తికి 2,596 ఎకరాల్లో రూ.2,137 కోట్ల పనులు ఖరారయ్యాయి. 2025 అక్టోబరు 16న కర్నూలు సభ నుంచి ప్రధాని కొప్పర్తికీ, కర్నూలు జిల్లా ఓర్వకల్లు పారిశ్రామికవాడకూ కలిపి శంకుస్థాపన చేశారు. ఈ డబ్బు ఏ ఫ్యాక్టరీ ఖాతాలోకీ రాదు. రాష్ట్రం తన వాటాగా భూమి ఇస్తుంది, కేంద్రం నిధులు పెడుతుంది. ఇద్దరూ కలిసి ఏర్పాటు చేసే సంస్థ రోడ్లు, కాలువలు, నీటి పైపులు, కరెంటు లైన్లు వేయిస్తుంది. అవి ప్లాటు దాకా వస్తే బోర్లకు, ట్యాంకర్లకు పెట్టే ఖర్చు మనకు తగ్గుతుంది. నీళ్ల విలువ కడప జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. అందుకే అన్ని పనుల్లోకీ నీటి పైపులైనే ముందు పూర్తి కావాలని సంఘం గట్టిగా కోరుతోంది.

కొప్పర్తిలోనే ఎలక్ట్రానిక్స్ కంపెనీల కోసం పెట్టిన ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్ (ఈఎంసీ) లెక్క వేరు. 540 ఎకరాలకు అంచనా సుమారు రూ.749 కోట్లు, అందులో కేంద్ర సాయం రూ.350 కోట్లు. ఇలాంటి క్లస్టర్లకు సాయం చేసే ఈఎంసీ 2.0 పథకం కింద కేంద్రం వంద ఎకరాలకు రూ.70 కోట్లకు మించి ఇవ్వదు. దానికీ ఒక షరతు ఉంది. అమ్మకానికి, లీజుకు ఉన్న స్థలంలో కనీసం 20 శాతం తీసుకుని, రూ.300 కోట్లు పెట్టుబడి పెడతామని పెద్ద కంపెనీలు ముందే మాటివ్వాలి. అంటే కంపెనీలు రాకుండా నిధులు కదలవు, వసతులు లేకుండా కంపెనీలు రావు. రెండూ ఒకేసారి నడవాలి.

అలా నడవడానికి తోడ్పడేది కట్టి సిద్ధంగా ఉన్న షెడ్డు. సీపీ ప్లస్ బ్రాండ్ సీసీ కెమెరాల తయారీ మన దగ్గర మొదలైంది అలాంటి షెడ్లలోనే. పెద్ద కంపెనీకే షెడ్డు అంత ఉపయోగపడితే, బ్యాంకు అప్పుతో మొదలుపెట్టే మనవాళ్లకు ఇంకెంత అవసరమో ఆలోచించండి. ప్లాటు కొని, గోడలు లేపి, మెషీన్లు బిగించేలోపు ఒక్క రూపాయి అమ్మకం లేకుండా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఈ టెన్షన్‌కే చాలామంది ఆగిపోతున్నారు. చిన్న యూనిట్లకు తక్కువ అద్దెతో చిన్న షెడ్లు కేటాయించాలని ఈ ఏడాది వినతిపత్రం ఇచ్చాం. ఇంకా రాతపూర్వక జవాబు రాలేదు, వచ్చేదాకా అడుగుతూనే ఉంటాం.

కార్మికుల సంగతి కూడా చెప్పాలి. అసెంబ్లీ లైన్లలో పనికి చుట్టుపక్కల ఊళ్ల అమ్మాయిలు ఉత్సాహంగా వస్తామంటున్నారు. అయితే రెండో షిఫ్ట్ అయ్యాక ఇంటికి చేరే బస్సు లేకపోతే తల్లిదండ్రులు ఒప్పుకోరు, అది న్యాయమే. షిఫ్టు వేళలకు బస్సులు, రోడ్ల వెంట లైట్లు, మహిళలకు హాస్టల్: ఈ మూడూ మా దృష్టిలో రాయితీల కంటే ముఖ్యం. 54,500 ఉద్యోగాలు రావచ్చని ప్రభుత్వ అంచనా. ఆ ఉద్యోగాలు మన పల్లెలకు చేరాలంటే ముందు బస్సు ఆ పల్లెల్లోకి రావాలి.

అవగాహన సదస్సుల్లో కొత్త ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) పరిమితుల గురించి వివరించాం. 2025 ఏప్రిల్ 1 నుంచి రూ.2.5 కోట్ల పెట్టుబడి, రూ.10 కోట్ల టర్నోవర్ లోపు ఉంటే సూక్ష్మ పరిశ్రమ. రూ.25 కోట్లు, రూ.100 కోట్ల లోపు ఉంటే చిన్న పరిశ్రమ. కొత్త మెషీన్ కొంటే పాత హోదా పోతుందని భయపడుతున్నవాళ్లు ఒకసారి తమ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ఎంఎస్ఎంఈగా ప్రభుత్వం దగ్గర చేసుకున్న నమోదు) చూసుకోండి.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

వచ్చే ఏడాది ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు మన యూనిట్లలోనే అప్రెంటిస్‌షిప్ ఇప్పించాలన్నది ప్రధాన ప్రతిపాదన. ఎంతమందిని తీసుకోగలరో, ఏ పనికి కావాలో రాసి సర్వసభ్య సమావేశానికి తీసుకురండి. షెడ్ల కోసం దరఖాస్తు చేయాలనుకునేవాళ్లు ప్రాజెక్టు రిపోర్టు కూడా వెంట తెచ్చుకుంటే, అక్కడే కూర్చుని కలిసి చూద్దాం.

– కార్యవర్గం తరఫున, కార్యదర్శి