బిడ్డతో ఇంటికెళ్లే రోజు కారు సీటు చూసేదెవరు?

సంపాదకుడికి,

ప్రసూతి ఆసుపత్రి నుంచి బిడ్డను ఇంటికి తెచ్చేటప్పుడు వర్జ్యం, రాహుకాలం అన్నీ చూస్తాం. ఆపైన పొత్తిగుడ్డల్లో చుట్టి అమ్మమ్మ ఒళ్లో పెట్టి కారెక్కిస్తాం. 50 కిలోమీటర్ల వేగంతో కారు దేన్నైనా గుద్దితే మూడు కిలోల బిడ్డను పట్టి ఆపడానికి సుమారు 90 కిలోల బరువును ఆపినంత బలం కావాలి. అది ఏ చేతులకీ సాధ్యం కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలను బెల్టు గానీ, కారులో బిగించి బిడ్డను పట్టీలతో కట్టే పిల్లల కారు సీటు గానీ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా. ఒక్కరోజు బిడ్డకూ ఇది వర్తిస్తుంది.

షాపులో ‘క్యారీ కాట్’ అని అమ్మేవన్నీ కారు సీట్లు కావు. స్టిక్కర్ మీద ఏఐఎస్-072, ఆర్44/04, ఆర్129 అనే భద్రతా ప్రమాణాల్లో ఏదో ఒకటి ఉండాలి. బంధువులిచ్చిన పాత సీటైతే అది ప్రమాదంలో పడలేదని తెలియాలి, గడువు దాటి ఉండకూడదు.

సీటును వెనక, బిడ్డ ముఖం డిక్కీ వైపు ఉండేలా బిగించాలి. అప్పుడు దెబ్బ వీపంతా పంచుకుంటుంది, మెడ మీద పడదు. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో మాత్రం ఎప్పుడూ పెట్టకండి. మరీ నిటారుగా ఉంటే గడ్డం ఛాతీకి ఆని ఊపిరాడదు కాబట్టి సీటు మీది వాలు గీత నేలకు సమాంతరంగా ఉండాలి. బెల్టు పోయే చోట పట్టుకుని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు. భుజాల పట్టీలు భుజానికి సమంగానో, కాస్త కిందనో మొదలవ్వాలి. వేళ్లతో గిల్లితే మడత పడకూడదు.

పొత్తిగుడ్డల్లో చుట్టేస్తే కాళ్ల మధ్య పట్టీ రాదు. లాగూ చొక్కా తొడిగి, పట్టీలు పెట్టాకే పైన గుడ్డ కప్పండి. ఎండాకాలంలో బకిల్ కాలిపోతుంటుంది, ముందు తాకి చూడాలి.

చాలామంది క్యాబులోనే వెళ్తారు. అక్కడ అసలు చిక్కు, వెనక బెల్టు బకిళ్లు సీటు కవరు కింద దాగి ఉండడం. బేస్ (సీటు కింద కారులో విడిగా బిగించే పీఠం) లేకున్నా కారు బెల్టుతోనే కట్టగలిగే సీటు కొనుక్కుంటే మేలు. బెల్టు ఏ దారిన పోవాలో నీలిరంగు గుర్తులు చూపిస్తాయి.

ఇదంతా కాన్పయ్యాక కంగారులో నేర్చుకునేది కాదు. ఆరోగ్యశాఖ ప్రతి ప్రసూతి ఆసుపత్రిలో ఒక సీటు, ఒక బొమ్మ ఉంచి, గర్భిణులు చివరి నెలలో చెకప్‌కు వచ్చినప్పుడే కుటుంబంతో ఒకసారి కట్టించి చూపాలి. డిశ్చార్జి రోజు నర్సు కిందికొచ్చి పట్టీలు చూసేందుకు రెండు నిమిషాలు చాలు.

– ఒక పాఠకుడు, హబ్సిగూడ, హైదరాబాద్