తీర్మానాల పుస్తకంలో కాదన్నవారి మాటకూ చోటివ్వాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను కావలి ప్రాంతంలో ఒక చిన్న చెరువు కింద మూడెకరాలు సాగు చేసుకుంటున్న రైతును. నిరుడు ఎడగారు పైరుకు, అంటే రెండో పంటకు, నీళ్లు వదిలే విషయమై మా ఆయకట్టు రైతులందరం రామాలయం అరుగు మీద సమావేశమయ్యాం. మొత్తం ఆయకట్టుకూ నీళ్లివ్వాలని పెద్దలు ప్రతిపాదించగా, కూర్చున్న నలభై మందిమీ సరేనన్నాం. చివరి మడుల రైతు, డెబ్బై ఏళ్లు దాటిన పెద్దాయన ఒక్కరే లేచి, "తూము దగ్గర ఎన్నడుగుల నీళ్లున్నాయో చూసొచ్చి, ఆ తర్వాత చేతులెత్తుదాం" అన్నారు. "నీ ఒక్కడి కోసం ఊరంతా ఆగాలా?" అని ఒకరు గట్టిగానే అడిగారు. ఆయన గొంతు పెంచలేదు, అలాగని కూర్చోనూ లేదు; అదే మాట మూడుసార్లు చెప్పారు. చివరికి ఒక కుర్రాడు బండి మీద వెళ్లి చూసొచ్చాడు. ఆరడుగులు ఉంటాయనుకున్న చోట నాలుగే ఉన్నాయి. అది వినగానే, అప్పటిదాకా తల వంచుకు కూర్చున్న మరో ఇద్దరు తమకూ ఆ అనుమానం ఉందన్నారు. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి. ముందే ఎందుకు నోరు విప్పలేదా అని ఇప్పటికీ బాధపడుతుంటాను. గంటలో నిర్ణయం మారింది, సగం ఆయకట్టే సాగైంది, కోత దాకా నీళ్లు అందాయి. పుస్తకంలో మాత్రం "ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని ఒక్క వాక్యం రాసి సంతకాలు పెట్టించారు. పెద్దాయన అడిగిన ప్రశ్న గానీ, తూము దగ్గరి కొలత గానీ అందులో లేవు.

మన దేశంలో నేర విచారణల్లో జ్యూరీ పద్ధతి పోయి యాభై ఏళ్లయింది. అయినా, పన్నెండు మంది సామాన్యులు గది తలుపు వేసుకుని ఒక మనిషి దోషా కాదా అని తేల్చే ఆ పద్ధతిని మన సభలు ఒకసారి గమనించాలి. అమెరికా జ్యూరీలపై షికాగో విశ్వవిద్యాలయం వారు పరిశోధించి 1966లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మొదటి ఓటులో ఎక్కువ మంది ఎటుంటే దాదాపు పదింట తొమ్మిది కేసుల్లో చివరి తీర్పూ అటే వెళ్లింది. ఒంటరి గొంతు నెగ్గడం అంత అరుదు కాబట్టే దానికి నియమం అండగా ఉండాలి. లూసియానా, ఒరెగాన్ రాష్ట్రాల్లో పదిమంది ఒప్పుకుంటే చాలన్న పద్ధతి చెల్లదని, తీవ్ర నేరాల్లో శిక్ష వేయాలంటే జ్యూరీ అంతా ఒప్పుకోవలసిందేనని అక్కడి సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పింది. ఏకగ్రీవం అన్న నియమం అక్కడ ఒక్కరికి బలమిస్తుంది. ఆ ఒక్కరు కాదంటే మిగిలినవారు ఆగి వినక తప్పదు. మన దగ్గర అదే మాటతో ఒక్కరి నోరు మూయిస్తున్నాం. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవాలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించినప్పుడు, నామినేషన్ వేస్తానన్న మనిషిని ఊరికి వచ్చే డబ్బు చెడగొట్టేవాడిలా చూడటం నేను కళ్లారా చూశాను.

రాతలో ఉన్న అసమ్మతి ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు గారే ఉదాహరణ. 1962లో మన సుప్రీంకోర్టులో, పోలీసు నిఘాకు సంబంధించిన ఖరక్ సింగ్ కేసులో ఆరుగురు న్యాయమూర్తుల్లో మెజారిటీతో విభేదించిన ఇద్దరి పక్షాన ఆయన తీర్పు రాశారు. వ్యక్తిగత గోప్యత స్వేచ్ఛలో భాగమేనన్న ఆ మాటను 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం సరైనదిగా అంగీకరించింది. ఆనాడు అది కాగితం మీదకు ఎక్కకపోయి ఉంటే 55 ఏళ్ల తర్వాత దాన్ని తిరగేసేవారెవరు?

అందువల్ల గ్రామసభల్లో, సాగునీటి సంఘాల్లో, బడి కమిటీల్లో తీర్మానం కింద కాదన్నవారి పేరు, వారు చెప్పిన కారణం రాయాలని, సంతకాలకు ముందు దాన్ని అందరికీ చదివి వినిపించాలని జిల్లా అధికారులు ఆదేశించవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఈ ఏడాది ఎడగారు సమావేశం ఇంకా జరగలేదు. ఆ లోపు మా పుస్తకంలోనైనా ఈ మార్పు రావాలని సంఘానికి నేను వేరుగా అర్జీ ఇచ్చాను.

ఇట్లు,
ఒక ఆయకట్టు రైతు,
కావలి ప్రాంతం, నెల్లూరు జిల్లా