ఆదివారం అనంతగిరి రైడ్

ఫ్రెండ్స్, ఆదివారం అనంతగిరి ఖాయం. నా చేతికి బండి ఇంకా కొత్తే కాబట్టి నేను మధ్యలో ఉంటా, ముందు బాగా అలవాటున్నవాళ్లు వెళ్లండి, 60 దాటొద్దు ప్లీజ్. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ మీదకి టూ వీలర్లను రానివ్వరు కదా, అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వికారాబాద్ పోదాం. చేవెళ్ల దారిలో ఆ పాత మర్రిచెట్ల కింద ఆగి టిఫిన్ చేద్దామని మా ఆవిడ అంటోంది, ఇడ్లీలు తనే కట్టుకొస్తుందట (చట్నీ సంగతి మీరెవరైనా చూసుకోండి).

వెనక మనిషి కూర్చుంటే బండి తీరే మారిపోతుంది, బ్రేక్ వేసినా ఆగడానికి ఇంకాస్త దూరం పడుతుంది, స్పీడ్ బ్రేకర్ దగ్గర ఇద్దరి హెల్మెట్లు టకామని తగులుకుంటాయి, ఘాట్ మలుపులో మా ఆవిడ భయపడి బయటి వైపు వంగిందంటే బండి తిరగనని మొండికేస్తుంది. అందుకే నా భుజం మీదుగా మలుపు లోపలి వైపు చూస్తూ కూర్చోమన్నా, ఇప్పుడు బాగానే కుదురుతోంది. వెనక టైర్‌లో గాలి ఇద్దరికి తగ్గట్టు శనివారమే కొట్టించండి. చున్నీలు చైన్‌కి అందకుండా ముడేసుకోవాలి, వెనకవాళ్లకీ ఐఎస్ఐ హెల్మెట్ ఉండాల్సిందే. ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) మీద ఉన్నవాళ్లు, లైసెన్స్ ఉండి నేర్పేవాళ్లను తప్ప ఇంకెవర్నీ ఎక్కించుకోకూడదు, రూలే అది. ఎవరెవరు వస్తున్నారో శుక్రవారంలోగా చెప్పండి.