పోగు వైరుతో ఫ్యూజ్ కట్టకురా

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోన్‌లో "ఇప్పుడిక ఫ్యూజ్ ఎగరట్లేదురా, వైరులోంచి ఒక పోగు లాగి ఫ్యూజ్‌కి చుట్టేశా, మూడు రోజులుగా బ్రహ్మాండంగా పాడుతోంది" అన్నావు. నేనేమీ అనలేదు, గమనించావో లేదో. ఫోన్‌లో తిడితే సిగ్నల్ లేదంటూ పెట్టేస్తావు, పాతికేళ్ళుగా చూస్తున్నా. అందుకే కాగితం మీద తిడుతున్నాను. ముందు లేచి, రామాలయం పందిట్లో పాటలకి పెట్టే ఆ యాంప్లిఫైయర్ ప్లగ్ పీకెయ్. పీకావా? ఇప్పుడు కూర్చుని చదువు.

మన చిన్నప్పుడు మీ ఇంటి వసారాలో పింగాణీ ఫ్యూజ్ ఉండేది. "ఫీజు పోయింది" అనగానే మీ నాన్నగారు టార్చిలైటు నా చేతికిచ్చి, పళ్ళతో వైరు కొరికి, పోగు చుట్టి బిగించేవారు. బిల్లు కట్టకపోతే లైన్‌మన్ వచ్చి పీకేసేదీ ఆ ఫీజునే. స్కూలు ఫీజుకీ దానికీ ఏదో చుట్టరికం ఉందని నేను ఏడో తరగతి దాకా నమ్మాను. ఆయన చెయ్యే నీకు వచ్చింది, సంతోషం. కాకపోతే ఆయన చుట్టింది ఇంటికి, నువ్వు చుట్టింది రెండు ఆంపియర్ల పెట్టెకి.

లెక్క చూడు. విలియం ప్రీస్ అనే బ్రిటిష్ ఇంజినీరు 1880ల్లోనే ఏ లోహపు తీగ ఎంత కరెంటుకి కరుగుతుందో కొలిచి ఒక సూత్రం ఇచ్చాడు. రాగికైతే తీగ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దాని వర్గమూలంతో గుణించి, మళ్ళీ 80తో గుణించాలి. మామూలు ఫ్లెక్సిబుల్ వైరులో పోగు సుమారు 0.2 మిల్లీమీటర్లుంటుంది. గుణిస్తే 7 ఆంపియర్లు దాటుతుంది. నువ్వు రెండు పోగులు మెలిపెట్టి ఉంటే, నీ సంగతి నాకు తెలుసు కాబట్టి అంటున్నా, 14. నీ ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం 300 వీఏ, అంటే వోల్టులు ఇంటూ ఆంపియర్లు. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే 1.3 ఆంపియర్లు, ఫుల్ లోడ్ మీద. అంటే ఏసీని డీసీ చేసే రెక్టిఫైయర్‌లో ఒక డయోడ్ షార్టయి ఆ ట్రాన్స్‌ఫార్మర్ 6 ఆంపియర్లు లాగుతున్నా నీ పోగు చలించదు. 1,380 వాట్లు మింగుతూ వైండింగ్ మీది వార్నిష్ కాలుతుంది. రామాలయం పందిట్లో, గుడ్డ తెరల పక్కన.

"ఫ్యూజ్ ఉన్నా ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయాయి కదరా, మరి అదెందుకు?" అని కూడా అడిగావు. మా రిపేరు బల్లల దగ్గర ఒక పాత జోకుంది: ట్రాన్సిస్టర్ తాను చచ్చి ఫ్యూజ్‌ని బతికిస్తుందని. జోకే కానీ నిజం. ట్రాన్సిస్టర్ లోపలి సిలికాన్ ముక్క గోరంత. అది మైక్రోసెకన్లలో, మహా అయితే కొన్ని మిల్లీసెకన్లలో పోతుంది. ఫ్యూజ్ తీగ వేడెక్కి కరగడానికి అంతకంటే చాలా ఎక్కువసేపు పడుతుంది. ఫ్యూజ్ కాపాడేది సర్క్యూట్‌ని కాదు. వైరునీ, ట్రాన్స్‌ఫార్మర్‌నీ, బల్లనీ, ఇంటినీ. ట్రాన్సిస్టర్‌ని కాపాడాలంటే కరెంటుని క్షణంలో పసిగట్టి ఆపే సర్క్యూట్ వేరే వెయ్యాలి. ఇది తలకెక్కితే ఫ్యూజ్ ఎంచుకోవడం సగం అయిపోయినట్టే: "ఇక్కడ చెడిపోతే ఏది కాలుతుంది, అది ఎంత కరెంటు తట్టుకుంటుంది?" అని అడగడమే.

ఇక నీ అసలు గోల. పది సార్లు స్విచ్ వేస్తే ఎనిమిది సార్లు బాగానే ఉంటుంది, రెండు సార్లు ఫ్యూజ్ ఎగురుతుంది. దయ్యం పట్టిందన్నావు. దయ్యం కాదు, టొరాయిడ్. ఉంగరం ఆకారం ట్రాన్స్‌ఫార్మర్‌లో కోర్‌కి ఎక్కడా గాలి సందు ఉండదు. ఆపేసినప్పుడు దాంట్లో కొంచెం అయస్కాంతం మిగిలిపోతుంది. మళ్ళీ స్విచ్ వేసిన క్షణంలో ఏసీ అల సరిగ్గా సున్నా దగ్గరుండి, మిగిలిన అయస్కాంతం కూడా అదే దిక్కులో ఉందనుకో, కోర్ నిండిపోతుంది. అప్పుడు మెయిన్స్ వైపు చుట్టు, అదే ప్రైమరీ, ఉత్త రాగి తీగలా మిగిలి పదుల ఆంపియర్లు గుంజుతుంది. అల శిఖరం దగ్గరుండగా స్విచ్ పడితే పెద్దగా ఏమీ కాదు. నీ వేలు ఎప్పుడు నొక్కుతుందో దాని అదృష్టం. దానికి తోడు నువ్వు వేసిన 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్లు ఖాళీగా ఉంటాయి, అవీ ఆవురావురుమంటూ తాగుతాయి.

నువ్వేం చేశావు? 2 ఆంపియర్ల ఫాస్ట్ బ్లో వేశావు. ఎగిరింది. 5 వేశావు. 10 వేశావు. తర్వాత పోగు. మార్చాల్సింది అంకె కాదురా, అక్షరం. గాజు ఫ్యూజ్ మూత మీద సన్నగా చెక్కి ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుని చూడు. ఎఫ్ అంటే ఫాస్ట్, టీ అంటే టైమ్ ల్యాగ్, మన భాషలో స్లో బ్లో. రేటింగ్‌కి పదింతల కరెంటు వస్తే, ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన 60127 ప్రమాణం ప్రకారం గాజు ఎఫ్ ఫ్యూజ్ 20 మిల్లీసెకన్లలోపు తెగాలి, గాజు టీ ఫ్యూజ్ కనీసం 20 మిల్లీసెకన్లు ఆగాలి. మన 50 హెర్ట్జ్ కరెంటుకి ఒక పూర్తి అల పట్టే సమయం సరిగ్గా అంతే. టొరాయిడ్ ఆవేశం మొదటి అలలోనే ఎక్కువగా ఉంటుంది, తర్వాత్తర్వాత తగ్గుతుంది. అందుకే నీకు టీ కావాలి.

సరే, టీలో ఎంత? ఇక్కడ ఒక తిరకాసు. ఫ్యూజ్ మీద 2 ఆంపియర్లని ఉంటే 2.1కి టక్కున తెగుతుందనుకుంటాం. కాదు. ఐఈసీ రకం ఒకటిన్నర రెట్ల కరెంటుని కనీసం గంటసేపు మోయాలి. 2.1 రెట్లు వస్తే గాజు టీ రకం 2 నిమిషాల్లోపు, ఎఫ్ రకం అరగంటలోపు తెగాలి. అవును, అరగంట, నేనూ మొదటిసారి చదివి తప్పు అచ్చయిందనుకున్నా. అమెరికాలో యూఎల్ అనే సంస్థ ప్రమాణం ప్రకారం చేసిన ఫ్యూజ్ 1.35 రెట్లకే గంటలోపు తెగాలి. అంటే 2 ఆంపియర్ల అమెరికా ఫ్యూజ్ 2.7 దగ్గర తెగుతుంటే, 2 ఆంపియర్ల ఐఈసీ ఫ్యూజ్ 3 ఆంపియర్లని గంటసేపు మోస్తూ కూర్చుంటుంది. మీ బావ అమెరికా నుంచి తెచ్చిన డబ్బాలో రెండు రకాలూ కలిసి ఉన్నాయన్నావుగా, వాటిని వేరు చెయ్యి. నీ పెట్టెకి టీ 2 వేసి చూడు. అయినా పోతుంటే టీ 3.15. అంతకు మించి పోవద్దు.

ఇంకా పద్ధతిగా చెయ్యాలంటే ఐ స్క్వేర్ టీ చూడాలి. కరెంటు వర్గాన్ని సమయంతో గుణిస్తే వచ్చే అంకె అది, తీగకి ఎంత వేడి తగిలిందో చెప్తుంది. ఉదాహరణకి స్విచ్ వేసినప్పుడు 40 ఆంపియర్ల శిఖరంతో 10 మిల్లీసెకన్ల అర అల వచ్చిందనుకుందాం. 40 ఇంటూ 40 ఇంటూ 0.01, అందులో సగం: 8. ఫ్యూజ్ డేటాషీట్‌లో కరిగే ఐ స్క్వేర్ టీ 9 ఉంది కదా, చాలులే అనుకోకు. ప్రతిసారీ తీగ కొంచెం సాగి, కొంచెం అలసిపోతుంది. లక్ష సార్లు తట్టుకోవాలంటే ఆ దెబ్బ ఫ్యూజ్ అంకెలో 22 శాతం దాటకూడదని ఫ్యూజులు తయారుచేసే లిటిల్‌ఫ్యూజ్ కంపెనీ వాళ్ళ పట్టిక చెప్తుంది. అంటే 36 పైన ఉండాలి. రెండేళ్ళు బాగా పనిచేసి ఒకరోజు ఊరికే పోయే ఫ్యూజులుంటాయి చూడు, వాటిలో చాలావాటి జబ్బు ఇదే.

దీనికంటే మంచి దారి ఆవేశాన్నే తగ్గించడం. ప్రైమరీకి వరుసలో 47 ఓముల దిట్టమైన రెసిస్టర్ పెట్టు, అర సెకను తర్వాత రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, దాన్ని దాటవేస్తుంది. 230 వోల్టుల శిఖరం 325. భాగిస్తే 7 ఆంపియర్లకు మించి రాదు. వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గే ఎన్‌టీసీ అయితే చవక, ఒకటే ముక్క, కానీ వేడిగా ఉన్నప్పుడు ఆపి వెంటనే వేస్తే పనిచెయ్యదు. మీ ఊళ్ళో కరెంటు పోయి రెండు సెకన్లకే వస్తుంటుందిగా, కాబట్టి రిలేనే నయం. అయితే రిలే మొరాయిస్తే ఆ రెసిస్టరే అట్లపెనం అవుతుంది. దానికి ఆనించి ఒక థర్మల్ ఫ్యూజ్ కట్టు, రైస్ కుక్కర్లో ఉంటుంది చూడు, అదే.

ఇప్పుడు నా సిగ్గు కథ. మల్టీమీటర్‌లో పింగాణీ ఫ్యూజ్ పోతే, కొత్తది ఖరీదెక్కువని గాజుది వేశాను. ఒకరోజు పరధ్యానంలో ప్రోబు ఆంపియర్ల సాకెట్‌లోనే ఉంచి మెయిన్స్ వోల్టేజీ చూడబోయాను. ఢామ్మంది. మీటర్ వెనక మూత ఎగిరిపోయింది, బొటనవేలు వారం రోజులు నల్లగా ఉంది. గాజు ఫ్యూజ్ తెగింది, కానీ కరెంటు ఆగలేదు. తీగ ఆవిరై, ఆ ఆవిరిలోంచే నిప్పు పాకింది. గాజు రకం మీద ఎల్ అని ఉంటుంది: 35 ఆంపియర్లు, లేదా రేటింగ్‌కి పదింతలు, ఏది ఎక్కువైతే అంతవరకే అది క్షేమంగా ఆపగలదు. ఇంట్లో మెయిన్స్ షార్టయితే వందల ఆంపియర్లు రావచ్చు. హెచ్ అని ఉన్న పింగాణీది 1,500 ఆంపియర్ల దాకా ఆపుతుంది. దాంట్లో ఇసుక నింపుతారు, ఆ నిప్పుకి ఇసుక కరిగి గాజుగడ్డై మంటని మింగేస్తుంది. కాబట్టి నీ పెట్టెలో కరెంటు లోపలికొచ్చే చోట హెచ్చే వెయ్యి. వోల్టేజీ అంకె సంగతీ ఇంతే. కారు ఫ్యూజులు మామూలుగా 32 వోల్టుల డీసీ వరకే, రంగు బాగుందని మెయిన్స్‌కి పెట్టకు. ఏసీ సెకనుకి వందసార్లు సున్నా తాకుతుంది కాబట్టి నిప్పు తనంతట తానే ఆరుతుంది. డీసీకి ఆ దయ లేదు.

దయ లేదంటే గుర్తొచ్చింది, లోపల నీ ప్లస్ మైనస్ 50 వోల్టుల రైళ్ళు, అంటే ట్రాన్సిస్టర్లకి కరెంటిచ్చే రెండు లైన్లు, కూడా డీసీయే. వాటికి ఫ్యూజ్ పెట్టాలా వద్దా అని మాలో మాకే తగాదా. ఒక రైలు ఫ్యూజ్ మాత్రమే పోతే ఔట్‌పుట్ రెండో వైపుకి లాక్కుపోయి స్పీకర్ కాయిల్ కాలుతుందని కొందరు వద్దంటారు. నేను పెడతాను, స్పీకర్‌కి డీసీ ప్రొటెక్షన్ రిలే కూడా పెడితేనే సుమా.

మైకు, బ్లూటూత్ బోర్డులకి పాలీస్విచ్ అనే తిరిగి కోలుకునే ఫ్యూజ్ చాలు, వేడెక్కి ఆపుతుంది, చల్లారితే మళ్ళీ ఇస్తుంది. దాని హోల్డ్ కరెంటుకి, అంటే ఆగకుండా మోయగలిగే కరెంటుకి, సుమారు రెట్టింపు దాకా అది ట్రిప్పవుతుందని నమ్మకం లేదు. శ్రీరామనవమికి రేకుల పందిరి కింద పెట్టెలో వేడి 60 డిగ్రీలైతే మాత్రం హోల్డ్ కూడా చేతకాక మధ్యలో మూగబోతుంది. కొంచెం పెద్దది కొను.

ఫ్యూజ్ హోల్డర్ కట్టేటప్పుడు మెయిన్స్ నుంచి వచ్చే లైన్ వైరు వెనక కొసకి, స్విచ్ వైపు వెళ్ళేది పక్క పిన్నుకి. ఉల్టా కడితే ఫ్యూజ్ మార్చేటప్పుడు నీ వేలికే 230 తగులుతుంది. ఎర్త్‌కి ఫ్యూజ్ పెట్టకూడదని నీకు చెప్పక్కర్లేదనుకుంటా. చెప్పేశాలే.

ఫ్యూజులు కోఠీ గుజరాతీ గల్లీలో నేనే కొని పంపిస్తా. ఊళ్ళో దొరికేవాటితో ఒకసారి దెబ్బతిన్నా: 1 ఆంపియర్ అని రాసున్నది బెంచ్ సప్లై మీద 3 ఆంపియర్లు పెట్టి పది నిమిషాలు చూశా, వెచ్చబడింది తప్ప తెగలేదు. అప్పట్నుంచి పదింటిలో ఒకదాన్ని బలిచ్చి చూస్తా.

ఇంకోటి, ఇంతవరకూ ఎగిరినవి పారేశావా? ఉంటే వెలుతురులో పట్టుకుని చూడు. తీగ మధ్యలో సన్నగా తెగి గాజు తేటగా ఉంటే కొంచెం ఎక్కువ లోడు, లేదా అలసట. గాజు నల్లగా, అద్దంలా పూత పూసినట్టుంటే గట్టి షార్ట్. అలాంటిది ఒక్కటున్నా నేను చెప్పిందంతా పక్కనబెట్టి ముందు ఆ బ్రిడ్జ్ రెక్టిఫైయర్‌ని మీటర్ పెట్టి చూడు. ఫోటో తీసి పంపు, ఈ రాత్రికే.

చెల్లెమ్మ పంపిన గోంగూర పచ్చడి అయిపోయిందని చెప్పు. అమ్మ మోకాలు ఎలా ఉంది?

నీ
రాజు