కొల్లేరు ఉపగ్రహ చిత్రాలను జనం ముందు పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

కొల్లేరు అభయారణ్యంలో ప్లస్ 5 కాంటూరు (సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తును చూపే హద్దు గీత) లోపలి అక్రమ చేపల చెరువుల గట్లను 2006లో కొట్టేశారు. ఆ తర్వాతి ఏళ్లలో అనేక చోట్ల అవి మళ్లీ లేచాయి. గట్టు పూర్తయి, చేపపిల్లలు వదిలి, లక్షల పెట్టుబడి పెట్టాక అధికారులు వెళితే గొడవ తప్ప మరేమీ మిగలదు. పొక్లెయిన్ దిగిన వారంలోనే తెలిస్తే ఆపడం తేలిక.

అలా తెలుసుకొనే సాధనం ఇప్పుడు ఉంది. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు సుమారు 5 రోజులకొకసారి ఈ ప్రాంతాన్ని 10 మీటర్ల స్పష్టతతో చిత్రిస్తున్నాయి, ఆ చిత్రాలు ఎవరికైనా ఉచితం. వానాకాలం మబ్బులు అడ్డొస్తే రాడార్ చిత్రాలున్నాయి. మే నెల చిత్రం చూడండి: నీరు తీసిన సరస్సు అంచులు గుర్రపుడెక్కతో, గడ్డితో మసకగా కలిసిపోతాయి, చెరువులు మాత్రం గీత గీసినట్టు నలుచదరంగా నిండుగా కనిపిస్తాయి. పాత చిత్రంతో పోల్చి కొత్త చదరాన్ని గుర్తించడం కంప్యూటర్‌కు కష్టమైన పని కాదు.

అయితే ఆ సమాచారం కార్యాలయాలకే పరిమితమైతే ప్రయోజనం లేదు. అటవీ శాఖ పక్షానికొకసారి ఆ మార్పులను కాంటూరు హద్దుతో, సర్వే నంబర్లతో తెలుగులో బహిరంగంగా ప్రకటించాలి, లంక గ్రామాల సచివాలయాల్లో అతికించాలి. వలతో బతికే చిన్న మత్స్యకారుడికి, బయటి నుంచి వచ్చి వందల ఎకరాలు చుట్టేసేవారికి మధ్య తేడా అప్పుడే ఊరికి కనిపిస్తుంది. గట్టు ఎవరిదో ఉపగ్రహం చెప్పలేదు కనుక రెవెన్యూ రికార్డులు కలపక తప్పదు. అభయారణ్యం లోపలి జిరాయితీ (ప్రైవేటు పట్టా) భూముల పరిహారం సంగతి కూడా తేల్చక తప్పదు.

ఇది కొల్లేటి ఒడ్డున ఆటపాకలో చేరే గూడబాతుల కోసమే అనుకోకూడదు, వాటి కోసమైనా చేయవలసిందే అని నా అభిప్రాయం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద కొల్లేరులో నిలిచి ఉప్పుటేరు గుండా సముద్రంలో కలవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచడం చూశాక కూడా, ఆ వరద చేరవలసిన సరస్సును గట్లతో ఇరుకు చేసుకోవడం ఎంతమాత్రం సరికాదు.

వేసవి తవ్వకాలు మొదలుకాకముందే తొలి జాబితా ప్రకటించాలని ఏలూరు జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, కైకలూరు